కొండ స్ట్రాబెర్రీకి ముందు నారు సంగతి చూడండి

డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి మంచు చూడ్డానికి కొండెక్కేవాళ్లకు ఇప్పుడు స్ట్రాబెర్రీ తోట కూడా ఒక మజిలీ. చింతపల్లి మండలంలోనూ, అరకులోయ వైపునా కొన్నేళ్లుగా సాగవుతున్న ఈ పంట గురించి మాట్లాడేవాళ్లంతా రెండే సంగతులు చెబుతున్నారు. ఒకటి ఎకరాకు ఎంత మిగులుతుందన్నది, రెండోది పర్యాటకులు ఎంత ఎగబడి కొంటున్నారన్నది. రెండూ మంచి మాటలే. చలికాలపు రెండు మూడు నెలల్లో చేతికి డబ్బులొచ్చే పంట ఏజెన్సీలో అంతగా లేదు కాబట్టి గిరిజన రైతు ఆశపడటంలో తప్పేమీ లేదు. కానీ ఆ మొక్క ఎక్కడి నుంచి వస్తోంది, దానితోపాటు ఇంకేం కొండెక్కుతోంది అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తోంది. ఈ పంటకు చీడపీడల సమస్య పొలంలో మొదలవదు, నర్సరీలో మొదలవుతుంది. అందుకే మన్యంలో స్ట్రాబెర్రీ విస్తీర్ణం పెంచడం కంటే ముందు, తెగులు లేని నారును మన్యంలోనే తయారుచేసుకునే ఏర్పాటు జరగాలి. అది జరగకుండా ఎకరాలు పెంచితే పెరిగేది మందుల ఖర్చే.

స్ట్రాబెర్రీని విత్తనం చల్లి పండించరు. తల్లిమొక్క నేలమీద తీగల్లాంటి రన్నర్లను చాస్తుంది, వాటి కణుపుల దగ్గర పిల్లమొక్కలు వేళ్లూనుకుంటాయి, వాటిని వేరుచేసి నాటుతారు. అంటే ప్రతి పిల్లమొక్కా తల్లికి అచ్చంగా నకలు. తల్లిలో ఉన్న తీపీ రంగూ ఎలా వస్తాయో, తల్లిలో ఉన్న వైరస్, శిలీంధ్రం కూడా అలాగే వస్తాయి. మన దగ్గర ఎండాకాలపు వేడి, ఆ తర్వాత నెలల తరబడి కురిసే వాన దాటి పాత మొక్క ఆరోగ్యంగా మిగలడం కష్టం. అందుకే రైతు ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కొత్త నారు కొనాల్సిందే. దేశంలో ఈ పంటకు పుట్టిల్లు లాంటిది మహారాష్ట్రలోని మహాబలేశ్వర్. దేశపు స్ట్రాబెర్రీలో అధికభాగం అక్కడిదే, 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ చుట్టుపక్కల వాయి, పంచగని ప్రాంతాల నర్సరీలు విదేశాల నుంచి తల్లిమొక్కలు తెప్పించి, పిల్లలు పెంచి దేశమంతా అమ్ముతాయి. అక్కడ పేరున్న స్వీట్ చార్లీ, వింటర్ డాన్ రకాలు ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పుట్టినవి, కామరోసా కాలిఫోర్నియాది. ఇలా సముద్రాలు దాటి, నర్సరీలు మారి, వందల కిలోమీటర్లు లారీలో ప్రయాణించి వచ్చిన మొక్క కొండమీద మడిలోకి దిగుతోంది. ఇన్ని చేతులు మారిన మొక్కను ఎవరు పరీక్షించారని అడిగితే గట్టిగా జవాబు చెప్పేవాళ్లు ఉండాలి కదా.

ఆంత్రాక్నోస్ అనే తెగులు ఒక్కటి చాలు ఈ ప్రశ్న ఎందుకు అడగాలో తెలియడానికి. దీన్ని కలిగించే కొల్లెటోట్రైకం శిలీంధ్రం నారుమొక్కలో వారాల తరబడి ఏ లక్షణమూ చూపకుండా దాక్కోగలదు. నాటేటప్పుడు ఆకు పచ్చగానే ఉంటుంది, వేరు తెల్లగానే ఉంటుంది. రెండు వానలు పడి ఎండకాసిన తర్వాత ఒక మధ్యాహ్నం మొక్క వాడిపోతుంది, సాయంత్రానికి కాస్త తేరుకుంటుంది, మూడు నాలుగు రోజుల్లో చనిపోతుంది. నీళ్లు చాలలేదనుకుని రైతు ఇంకా తడి పెడతాడు, దాంతో పక్క మొక్కలకూ అంటుకుంటుంది. చనిపోతున్న మొక్కను పీకి, ఆకులన్నీ పుట్టే ఆ కురచ మొదలును కత్తితో నిలువునా చీల్చి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. తెల్లగా ఉండాల్సిన లోపలి కండలో ఇటుకరంగు చారలు కనిపిస్తాయి. ఆ దశలో ఏ మందు పోసినా ఆ మొక్క బతకదు. అమెరికాలో ఇంతకంటే స్పష్టమైన పాఠం ఉంది. 2018-19 సీజన్‌లో ఫ్లోరిడా తోటల్లో నియోపెస్టలోషియాప్సిస్ అనే శిలీంధ్రం విరుచుకుపడి ఆకులూ కాయలూ నాశనం చేసింది. శాస్త్రవేత్తలు ఆరా తీస్తే దెబ్బతిన్న తోటలు నారు తెచ్చుకున్నది ఒకే నర్సరీ నుంచి అని తేలింది. అంత శాస్త్రబలం, అంత డబ్బు ఉన్న చోటే ఒక నర్సరీ నారు ఇంత చేసిందంటే, చేతిలో భూతద్దం కూడా లేని మన ఏజెన్సీ రైతు పరిస్థితి ఏమిటి?

కొత్త చీడ కొండెక్కితే ఏమవుతుందో అరకుకు ఈ మధ్యే తెలిసింది. కాఫీ కాయ తొలిచే బెర్రీ బోరర్ మన దేశంలో మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరు దగ్గర కనిపించింది. దక్షిణాది కాఫీ తోటలను అది ఏళ్ల తరబడి పీడించినా అరకు మాత్రం బయటే ఉండిపోయింది. 2025లో అరకు ప్రాంతపు తోటల్లో అది బయటపడేసరికి సోకిన కాయలను కోయించి, వేడినీళ్లలో వేసి నాశనం చేయించాల్సి వచ్చింది. ముప్పై అయిదేళ్లు ఆ కొండలను కాపాడింది దూరం. ఇప్పుడు ఆ దూరాన్ని రోడ్లూ, లారీలూ, పర్యాటకమూ చెరిపేశాయి. కాఫీకైతే పురుగు పట్టిన గింజ కంటికి కనిపిస్తుంది. స్ట్రాబెర్రీ నారులో వచ్చేది కనిపించదు.

వాతావరణం సంగతి కూడా చెప్పుకోవాలి. మహాబలేశ్వర్‌తో పోల్చి మన కొండల్ని మెచ్చుకోవడం అలవాటైంది. ఎత్తు, చలి, ఆమ్లగుణమున్న ఎర్రనేల, ఇవన్నీ స్ట్రాబెర్రీకి సరిపడేవే. కానీ పడమటి కనుమల్లో నైరుతి వాన వెనుదిరిగాక ఆకాశం తేటపడుతుంది, పూతకాలం చాలావరకు పొడిగా గడుస్తుంది. తూర్పు కనుమల్లో అప్పుడే బంగాళాఖాతం పని మొదలుపెడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి అరకు కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను కూల్చేసింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ ఉత్తరాంధ్ర కొండలను కూడా తడిపింది. అక్టోబరు అంటే నాట్లు, డిసెంబరు అంటే పూతా కాయా. దానికి తోడు పొద్దున తొమ్మిది దాకా విడవని పొగమంచు. పర్యాటకులు కొండెక్కేది దేనికోసమో, బూడిదరంగు బూజు తెగులుకు కావాల్సిందీ అదే. బొట్రైటిస్ అనే ఈ శిలీంధ్రం పువ్వు గంటల తరబడి తడిగా ఉన్నప్పుడు దానిలోకి చేరుతుంది. చేరి ఊరుకుంటుంది. కాయ ఎర్రబడి, తీపెక్కి, కోతకొచ్చే వేళకు తొడిమ దగ్గర మెత్తని మచ్చగా లేచి, ఒకటి రెండు రోజుల్లో కాయంతా నూగు కప్పేస్తుంది. కాయ మీద బూజు చూసి మందు కొడితే ప్రయోజనం ఉండదు, ఎందుకంటే తెగులు సోకింది నాలుగు వారాల కిందటి పువ్వుకు.

ఇక్కడే మందుల దారి మూసుకుపోతుంది. స్ట్రాబెర్రీ కోశాక పండదు, అరటి, మామిడి లాగా మాగబెట్టే వీలు లేదు. రంగు తిరిగాకే కోయాలి, కోశాక మామూలు గదిలో ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. అందుకని కాపు జోరుగా ఉన్నప్పుడు రోజు విడిచి రోజు కోత. మందు కొట్టాక చాలా మందులకు కొన్ని రోజులు ఆగి కోయాలి. రోజు విడిచి రోజు కోసే పంటలో ఆ కొన్ని రోజులు ఎక్కడినుంచి వస్తాయి? ఆగితే కాయ కుళ్లుతుంది, ఆగకపోతే మందు డబ్బాలోకి వెళుతుంది. పైగా ఈ పండుకు తొక్క లేదు, వండేది లేదు, తోటలోనే తుంచి నోట్లో వేసుకునే పిల్లలు ఎక్కువ. ఏ మందు ఏ పంటకు వాడవచ్చో మన దేశంలో పంటవారీగా ఆమోదం ఉంటుంది. పత్తికీ, మిరపకూ ఉన్నంత జాబితా స్ట్రాబెర్రీకి లేదు. అయినా దుకాణంలో దొరికేవి పత్తి మందులూ మిరప మందులే కాబట్టి అవే ఈ పంటకూ చేరతాయి. పరిమితి విడిగా చెప్పని మందు అవశేషం కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని ఆహార భద్రతా నిబంధన. అంటే దాదాపు ఉండకూడదనే. అమెరికాలో ఒక పర్యావరణ సంస్థ ఏటా వెలువరించే పురుగుమందుల అవశేషాల జాబితాలో స్ట్రాబెర్రీ తరచూ మొదటి వరుసల్లోనే ఉంటుంది. ఆ జాబితా మీద శాస్త్రవేత్తల విమర్శ ఉందన్నదీ నిజమే. అవశేషం ఉండటం వేరు, హాని చేసేంత ఉండటం వేరు. కానీ చెడ్డపేరు ఒకసారి పడ్డాక కడుక్కోవడం ఎంత కష్టమో చెప్పడానికి అది చాలు.

మందు కొట్టడం వల్ల పురుగు పెరిగే విచిత్రం కూడా ఈ పంటలో ఉంది. జనవరి దాటి పగళ్లు వేడెక్కి గాలి పొడిబారితే ఎర్రనల్లి లేస్తుంది. ఆకు తిప్పి భూతద్దంతో చూస్తే వీపుమీద రెండు నల్లని చుక్కలున్న చుక్కంత జీవాలు, సన్నని గూడు, ముత్యాల్లాంటి గుడ్లు కనిపిస్తాయి. పైనుంచి చూస్తే ఆకు మీద సూదులతో పొడిచినట్టు తెల్లటి చుక్కలు, తర్వాత రాగిరంగు. వెచ్చని రోజుల్లో వారం, పదిరోజులకో తరం పూర్తవుతుంది. తామర పురుగులకనో, పేనుబంకకనో పైరిత్రాయిడ్ రకం మందు కొడితే నల్లిని తినే మేలు నల్లులు ముందు చచ్చిపోతాయి. నల్లి మాత్రం మిగిలి, అడ్డు లేకుండా పెరుగుతుంది. అదే మందు తేనెటీగనూ తరిమేస్తుంది. స్ట్రాబెర్రీ కాయ మీద కనిపించే గింజల్లో ప్రతిదానికీ పుప్పొడి అందితేనే దాని చుట్టూ కండ ఊరుతుంది. అందని చోట కాయ నొక్కుకుపోయి వంకరగా తయారవుతుంది. అక్టోబరు, నవంబరులో వలిసె పూలు విరగబూసి తేనెటీగలతో కళకళలాడే లోయలో, గిరిజన సహకార సంస్థ తేనె అమ్ముకునే కొండల్లో, వంకర కాయలు రావడానికి మనమే దారి వేసుకోవడం దేనికి?

దీనికి జవాబుగా కొందరు ప్రకృతి వ్యవసాయం ఉంది కదా అంటారు. రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ నడిపే ఈ కార్యక్రమానికి గిరిజన గ్రామాల్లో మంచి పట్టు ఉంది, ఆ దారి సరైనదే. అయితే కషాయాల మీద పెట్టుకునే నమ్మకానికి ఒక హద్దు ఉండాలి. వేపనూనె నల్లి ఉధృతిని కొంత తగ్గిస్తుంది, ట్రైకోడెర్మా వేరు తెగుళ్లకు కొంత అడ్డం. మొదలులోనే ఆంత్రాక్నోస్ పెట్టుకుని వచ్చిన మొక్కను మాత్రం ఏ కషాయమూ కాపాడలేదు. ఇంకో మాట గట్టిగానే చెప్పాలి. పేడ, గోమూత్రంతో చేసిన జీవామృతాన్ని పూత మొదలయ్యాక ఆకులమీద పిచికారీ చేయడం ఈ పంటలో మానేయాలి. నేలకు ఆనుకుని కాసి, పచ్చిగా తినే పండు ఇది. 2011లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో స్ట్రాబెర్రీల ద్వారా ఇ.కోలై జబ్బు వ్యాపించింది. దానికి మూలం తోటలో తిరిగిన జింకల పెంటికలని తేలింది. పేడ ద్రావణం నేలకే, అదీ నాటే ముందు, లేదా పూతకు చాలా ముందు. సహజమైనది కాబట్టి ఎలా వాడినా ఫరవాలేదన్న ధోరణి చివరికి ప్రకృతి వ్యవసాయానికే చెడ్డపేరు తెస్తుంది.

అయితే చేయాల్సింది ఏమిటి? చింతపల్లిలో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. పాడేరులో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది. ఈ మూడూ కలిసి ఒక తల్లిమొక్కల నర్సరీ పెట్టాలి. కణజాల వర్ధనంతో పెంచి, వైరస్‌కూ ఆంత్రాక్నోస్‌కూ పరీక్ష చేసిన తల్లిమొక్కలు కొద్దిగా తెచ్చి, వానచినుకు తగలని పాలీహౌస్‌లో, నేలకు ఆనని బల్లల మీద, డ్రిప్ నీటితో పెంచాలి. ఆంత్రాక్నోస్ ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పోయేది ప్రధానంగా వాన చినుకు చిందినప్పుడే. చినుకు ఆపితే సగం పోరు గెలిచినట్టే. ఒక ఎకరాకు ఇరవై వేల మొక్కలు కావాలి. ఒక్కో తల్లి నుంచి ఇరవై పిల్లలు వచ్చినా వెయ్యి తల్లిమొక్కలు చాలు. మొక్క పది రూపాయలనుకుంటే ఎకరాకు నారు ఖర్చే రెండు లక్షలు. అందులో అయిదో వంతు మొక్కలు చనిపోతే మందులూ కూలీ లెక్కవేయకముందే నలభై వేలు మట్టిపాలు. ఇప్పుడు రాయితీ నారు పేరుతో ఈ నష్టాన్నే మనం ఏటా కొంటున్నాం. కాలిఫోర్నియాలో నారు నర్సరీలను రాష్ట్రపు ఉత్తరాన ఎత్తైన చల్లని ప్రాంతాలకు తీసుకువెళ్లారు. మన రాష్ట్రంలో ఆ ఎత్తూ చలీ ఉన్నది మన్యంలోనే. మన కొండలు స్ట్రాబెర్రీ కాయకు ఎంత పనికొస్తాయో నారుకు అంతకంటే ఎక్కువ పనికిరావచ్చు. ఆ నారును గిరిజన మహిళా సంఘాలు పెంచి అమ్మితే కొన్ని నెలల ముందే ఆదాయం మొదలవుతుంది.

మహాబలేశ్వర్ నర్సరీలకు దశాబ్దాల అనుభవం ఉంది, అక్కడే చవకగా దొరుకుతుంటే మనకెందుకీ తంటా అన్న వాదనలో బలం లేకపోలేదు. మొదటి రెండు మూడేళ్లు మన నారు ఖరీదే అవుతుంది. అంతవరకు బయటి నారు తెచ్చుకోక తప్పకపోతే, రవాణాకు ముందే నమూనాలు ప్రయోగశాలలో పరీక్షించి, వచ్చిన నారును ఒకచోట విడిగా రెండు వారాలు ఉంచి, ఆ తర్వాతే పంచాలి. ఫ్లోరిడాలో నాటేముందు నారును ఆవిరి వేడిమిలో కొన్ని గంటలు ఉంచి శిలీంధ్రాన్ని తగ్గించే పద్ధతి రూపొందించారు. దాన్ని చింతపల్లి శాస్త్రవేత్తలు ఇక్కడి నారు మీద పరీక్షించి చూడాలి. కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో రూ.1,765.67 కోట్లతో తొమ్మిది కేంద్రాల స్వచ్ఛ మొక్కల కార్యక్రమాన్ని ఆమోదించింది. అందులో పెద్దగా వినిపించేవి ద్రాక్ష, ఆపిల్, బత్తాయి, నారింజ, మామిడి, దానిమ్మ. రన్నర్ల ద్వారా ఏటా కోట్ల మొక్కలు చేతులు మారే స్ట్రాబెర్రీకి ఆ చూపు ఇంకా ఎక్కువ అవసరం. రాష్ట్ర ప్రభుత్వం ఆ కార్యక్రమంలో స్ట్రాబెర్రీకి వాటా అడగాలి.

ఇంకో అభ్యంతరం నేరుగా గుండెకు తగిలేది. నర్సరీ వచ్చేదాకా ఆగమనడానికి మీరెవరు, గిరిజన రైతుకు ఈ ఏడాదే డబ్బు కావాలి కదా అన్నది. ఆగమనడం లేదు, పెంచవద్దంటున్నాను. ఉన్న తోటలు ఉండనీయండి, కొత్త లక్ష్యాలు ప్రకటించకండి. ఈ పంటలో చిన్న కమతం బలహీనత కాదు. పది సెంట్ల మడిలో ఇంటివాళ్లు ప్రతి మొక్కనూ రోజూ చూడగలరు. ఎండిన ఆకు, కుళ్లిన కాయ, బూజు పట్టిన పువ్వు ఏరి పొలం బయట పూడ్చిపెట్టడం బూజు తెగులుకు ఏ మందుకూ తీసిపోని వైద్యం. కొన్ని ఎకరాల తోటకు కూలీలను పెట్టి ఆ పని చేయించాలంటే గిట్టదు. వెదురు బద్దల మీద పాలిథిన్ పరిచి వాననుంచి కాపాడే చిన్న గుడారాలు కూడా చిన్న మడిలోనే నిలుస్తాయి. వాటి కింద బూజు తగ్గినా బూడిద తెగులూ నల్లీ పెరుగుతాయి కాబట్టి పగటిపూట అంచులు ఎత్తిపెట్టాలి, ఆకు అడుగున చూస్తుండాలి. టమాటా, బంగాళాదుంప వేసిన మడిలో స్ట్రాబెర్రీ నాటకూడదు, వాటి వేరు తెగులు నేలలో మిగిలి ఉంటుంది. చోళ్లు, సామలు వేసిన మడి మేలు. అంటే మన్యం పాత పంటలను తోసేసి వచ్చే పంట కాదిది, వాటి తర్వాత వరుసలో నిలబడాల్సిన పంట. చోళ్లు, రాజ్మా, పసుపు, అల్లం ఉండగా స్ట్రాబెర్రీ ఎందుకని అడిగేవాళ్లకూ నా జవాబు ఇదే. ఇంటి పొలమంతా కాదు, ఒక మూల. మొత్తం పెట్టుబడి దాని మీద పెట్టించే పథకం ఏదైనా రైతును తుపానుకు అప్పగించడమే. పెట్టుబడి పెద్దదైనకొద్దీ పొలం మైదానాల వాళ్ల చేతికి జారుతుంది, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకునే 1/70 చట్టం కాగితం మీద ఎంత గట్టిగా ఉన్నా సొంత నేలమీద గిరిజనుడు కోత కూలీగా మిగులుతాడు.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంతకు రెండేళ్ల ముందే అది పారిస్‌లో దుకాణం తెరిచింది. ఆ పేరు నిలబడింది రసాయనాలు లేని కొండ అన్న నమ్మకం మీద. అదే కొండమీద కాసిన స్ట్రాబెర్రీ నమూనాలో మిరప మందు అవశేషం బయటపడితే దెబ్బ తగిలేది స్ట్రాబెర్రీ ఒక్కదానికే కాదు. వచ్చే సెప్టెంబరు నారుకు ఇప్పుడే మాట ఇచ్చిపుచ్చుకునే కాలం. ఐటీడీఏ ఈసారి నారు కొనే ప్రతి ఒప్పందంలో తెగులు పరీక్ష నివేదికను తప్పనిసరి చేయాలి, నివేదిక లేని లారీని చింతపల్లి ఘాట్ ఎక్కనీయకూడదు, తల్లిమొక్కల నర్సరీకి ఈ ఆర్థిక సంవత్సరంలోనే నిధులు కేటాయించాలి. లంబసింగిలో డబ్బా కొనే పర్యాటకులు కూడా ఒక పని చేయవచ్చు. డబ్బులిచ్చే ముందు ఈ మొక్క ఎక్కడిది, చివరిసారి ఏం మందు కొట్టారు, ఎన్నాళ్లయింది అని రైతును అడగండి, నిజం చెప్పిన రైతు దగ్గర పది రూపాయలు ఎక్కువైనా కొనండి.